ఆధారం జతచేయాలి

"రికార్డులో కుడికాలు అని ఉంది సార్," అంది కౌంటర్లో కూర్చున్నావిడ, తలెత్తకుండానే. "మీరేమో ఎడమకాలు అంటున్నారు."

"అనడమేంటి మేడమ్? యుద్ధంలో పోయింది ఎడమకాలే. నాకు తెలియదా?"

"మీకు తెలుసు సార్. రికార్డుకి తెలియాలి కదా."

మిలటరీ పళ్లు నూరాడు. వీధిలో అందరూ అతన్ని పిలిచే పేరు అదే. సర్టిఫికెట్ కోసం ఈ కౌంటరు ముందు నిలబడటం ఈ నెలలో నాలుగోసారి. మొదటిసారి ఫొటో పాతదన్నారు. రెండోసారి సంతకం కొత్తగా ఉందన్నారు. మూడోసారి సీలు మీద సంతకం ఉండాలి గానీ సంతకం మీద సీలు కాదన్నారు. ఇవాళ ఏకంగా కాలే మారిపోయింది. ఈ ఆఫీసు చుట్టూ ఎవరైనా కాళ్లరిగేలా తిరగాల్సిందే. పాపం, అతనికి అరగడానికి ఉన్నది ఒకటే.

పక్కన బావమరిది ఉన్నాడు. టైలరు. బావకి పని పడినప్పుడల్లా కొట్టు మూసేసి వెంట వస్తాడు. "డాక్టరు ఎదురుగా కూర్చుని రాసుంటాడు బావా," అన్నాడు మెల్లగా. "మన ఎడమ ఆయనకి కుడివైపేగా. కొత్తలో నేనూ అలాగే జేబులు అటువి ఇటు కుట్టేవాణ్ణి."

"నీ జేబుల గోల తర్వాత. ముందు టైమెంతయిందో చూడు."

నాలుగుంబావయింది. ఐదింటికి కౌంటరు మూసేస్తారు. రేపు పొద్దున తొమ్మిదింటికల్లా అతను పార్సిళ్ల గోదాములో ఉండాలి. గోదాము యజమాని అడిగినవి రెండే రెండు. గాయపడ్డ సైనికుడని సర్టిఫికెట్ చూపించాలి. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చేతికర్ర లేకుండా నడిచి చూపించాలి. రెండూ అయితే సూపర్‌వైజరు ఉద్యోగం అతనిదే. ఏది తగ్గినా ఎల్లుండి ఇంకొకరిని పిలుస్తాడు.

నడక సంగతి మిలటరీ చూసుకున్నాడు. పెట్టుడు కాలు తొడుక్కుని ఆరు నెలలు డాబా మీద అటూ ఇటూ తిరిగాడు. మోకాలి కింద పుండ్లు పడి మానాయి, మళ్లీ పడ్డాయి. ఇప్పుడు ప్యాంటు వేసుకుంటే ఏది సొంతదో ఏది పెట్టుడుదో కట్టుకున్న భార్య కూడా చెప్పలేదు. ఇంట్లో పొద్దున లేస్తే "నువ్వు కూర్చో, మేం తెస్తాం" అన్న మాటే. విని విని అతనికి ఆ కుర్చీ మీదే అసహ్యం పుట్టింది.

"తప్పు మీ డాక్టరుది మేడమ్. అది కొట్టేసి ఎడమ అని రాయండి."

"కొట్టివేతలు చెల్లవు సార్. దిద్దాలంటే ఆధారం జతచేయాలి."

"ఆధారమంటే?"

"కాగితమో, మరొకటో. పోయింది ఎడమకాలని తేలాలి."

"ఆ కాగితం కోసమే కదా మీ దగ్గరికొచ్చింది?"

ఆవిడ జాలిగానే చూసింది. చెడ్డ మనిషేం కాదు. "పోనీ నేనే చూసి రాద్దామన్నా, మీరు నిక్షేపంగా నడుచుకుంటూ వచ్చారు. రెండు కాళ్లకీ బూట్లున్నాయి. ఏది లేదని రాయమంటారు?"

బావమరిదికి నవ్వొచ్చింది. దగ్గినట్టు నటించి మింగేశాడు. మిలటరీకి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆరు నెలలు నానా చావూ చచ్చి నడక నేర్చుకోవడమే నేరమైపోయిందన్నమాట. పాక్కుంటూ వచ్చుంటే మొదటిరోజే పనయ్యేదేమో.

"రమ్మన్నప్పుడల్లా వచ్చాను," అన్నాడు. గొంతు పెరిగింది. "కూర్చోమన్న చోటల్లా కూర్చున్నాను. ఇంక నావల్ల కాదు. ఆధారం కావాలి, అంతేనా?"

"బావా, వద్దు," అన్నాడు టైలరు. ఆ గొంతు సంగతి అతనికి బాగా తెలుసు.

మిలటరీ వినలేదు. పక్కనున్న బెంచీ మీద కూలబడి ఎడమవైపు ప్యాంటు పైకి లాగాడు. పట్టీలు ఊడదీసి, బూటుతో సహా కాలు తీసి కౌంటరు మీద పెట్టాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు మెడలు సాచి చూశారు.

"చూసుకోండి. కుడో, ఎడమో."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని కాలిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎడమే," అంది. మొహం విప్పారింది. "ఇది మొదటిరోజే చూపించుంటే మీకీ తిరుగుడు తప్పేది కదా సార్."

ఆ తర్వాత పని చకచకా నడిచింది. ఆవిడ ఆ పెట్టుడు కాలూ ఫైలూ రెండూ పట్టుకుని లోపలికెళ్లి, పై అధికారి చేత సంతకం పెట్టించుకొచ్చింది. సీలు కొట్టింది. ఐదింటికి ఇంకా పది నిమిషాలుండగానే సర్టిఫికెట్ అతని చేతిలో పెట్టింది.

"ఏటేటా మీరు తిరగక్కర్లేకుండా జీవితకాలానికి రాయించాను," అంది.

మిలటరీ కాగితం రెండుసార్లు చదివాడు. ఎడమకాలు అనే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నెల రోజుల కోపం ఎటు పోయిందో పోయింది. బావమరిది భుజం పట్టుకుని ఒంటికాలి మీద లేచి నిలబడ్డాడు.

"మీ మేలు జన్మలో మరచిపోను మేడమ్," అన్నాడు. "ఆ కాలు ఇలా ఇప్పిస్తే వెళ్తాం. పొద్దున్నే ఉద్యోగానికెళ్లాలి."

ఆవిడ అప్పటికే ఆ కాలి చీలమండకి దారంతో చీటీ కట్టి, దాని మీద ఫైలు నంబరు రాస్తోంది.

"అదెలా కుదురుతుంది సార్? దీన్ని చూసే కదా సర్టిఫికెట్ ఇచ్చింది. ఆధారం మా దగ్గరే ఉండాలి."

మిలటరీ కౌంటరు మీదికి వంగి కాలి కోసం చెయ్యి చాచాడు. "ఎన్నాళ్లు?" అన్నాడు బావమరిది, బావని పడిపోకుండా పట్టుకుని.

"ఎన్నాళ్లేంటండీ," అంది ఆవిడ, కాలిని బీరువాలో పెట్టి తాళం వేస్తూ. "ఆ సర్టిఫికెట్ చెల్లినన్నాళ్లూ."