వెనక సీటులో చోటు

కొత్త పెళ్లికూతురు చైత్రను కాపురానికి తీసుకొస్తున్న ఆనంద్‌కుమార్ పాత కారు, క్యాతగానచెర్లు దగ్గర సోలార్ పలకల మధ్య ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. అప్పటికే చీకటి పడింది. అతను దిగి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"తీయొద్దు, ఉడుకుతాండాది. సల్లారనీ."

ఆ మాట చైత్రదే అనుకుని వెనక్కి జరిగాడు. అంతలోనే పైపు పగిలి, క్షణం ముందు అతని ముఖం ఉన్న చోటికి మరిగే నీళ్లు ఎగజిమ్మాయి.

చైత్ర కంగారుగా అద్దం దించింది.

"నీ పక్కన నిలబడి ఉండె గదా, ఆ అవ్వ యాడికి పోయింది?"

రోడ్డంతా ఖాళీగా ఉంది. ఇంజన్ టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది. తల్లి లేని ఆనంద్‌ను పెంచిన అవ్వ హొన్నూరమ్మ, పలకలు రాకముందు ఈ నేలలోనే చెనిక్కాయలు పండించేది. మనవడి పెళ్లి చూడాలని ఎంతో ఆశపడి, చూడకుండానే పోయింది.

అతను తడి కళ్లతోనే పైపు పగిలిన కొస కోసి, మళ్లీ క్లిప్పు బిగించి, క్యాన్‌లోని నీళ్లు రేడియేటర్‌లో పోశాడు. ఇంజన్ కుదురుగా తిరిగింది. అప్పుడు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కవ్వా, ఇంటికి పోదాం."

చైత్ర ముందు సీటు నుంచి వెనక్కి వంగింది. వెనక సీటులోని చీరల పెట్టెను తీసి ఒళ్లో పెట్టుకుంది.

కారు వెనకవైపు కొంచెం కిందికి దిగింది.

ఆనంద్ తలుపు మెల్లగా వేశాడు.