ఎడమ పక్క సొట్ట

బాలరాజ్ చేతిలో సుత్తి ఆగిపోయింది.

"సొట్ట తియ్యాల్నా, పెట్టాల్నా సేటూ?"

"పెట్టాలె," అన్నాడు రామేశ్వర్. "ఎడమ పక్క. మూతకు జర కింద. బొటనవేలు కూసోవాలె."

చేవెళ్లలో బీజాపూర్ రోడ్డు మీద బాలరాజ్‌ది డెంటింగు, పెయింటింగు షెడ్డు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరిగాక, ఫామ్‌హౌసులకు వచ్చిపోయే కొత్త కార్ల గీతలు చెరపడమే అతని పని. పాత రాజ్‌దూత్ మోటార్‌సైకిల్ పెట్రోల్ ట్యాంకు లాంటిది చేతికి రాక ఏళ్లయింది. అందుకే రామేశ్వర్ తెచ్చినదాన్ని మనసు పెట్టి చేశాడు. పెట్రోలు ఆవిరికి నిప్పంటుకోకుండా లోపల నీళ్లు నింపి, అడుగు చిల్లును వెల్డింగుతో మూశాడు. తుప్పు గీకాడు. లప్పం పెట్టి నున్నగా రుద్దాడు.

ఇప్పుడు దాన్నే కొట్టమంటున్నాడు.

కిందటి వారం పోలీసులు షెడ్డుకు వచ్చారు. మొయినాబాద్ దగ్గర రోడ్డు దాటుతున్న కూలిమనిషిని ఎవడో పాత బండితో గుద్ది పారిపోయాడట. ట్యాంకు ఎడమ పక్క సొట్ట పడిందట. అలాంటిది వస్తే చెప్పాలన్నారు. దాస్తే షెడ్డుకు తాళమేసి, నిన్నూ లోపలేస్తామన్నారు.

సొట్ట తీయించుకోవడానికి వస్తే తప్పు చేసినవాడే. మరి పెట్టించుకునేవాడో? ఇది ఎవరి మెడకు చుట్టడానికి?

"దేనికి సేటూ?"

"నీకెందుకే అన్నా? ఎవ్వలకు చెప్పకు. మా హిమాయత్‌నగరోళ్లకైతే అస్సలే చెప్పకు."

అక్కడి లప్పం గీకేసి, బాలరాజ్ కొట్టాడు. రామేశ్వర్ ట్యాంకును చూడనే లేదు. ఎవరైనా వస్తారేమోనన్నట్టు రోడ్డు వైపు చూస్తూ, బొటనవేలితో సొట్టను తడిమాడు.

"ఇంకింత లోతుండాలె."

మళ్లీ కొట్టాడు.

"రంగేది?"

"నీ తాన ఏది మిగిలితే అది."

"ట్రాక్టరు ఎరుపు మిగిలింది. పెండ్లిపిల్ల లెక్క ఉంటది. చూసినోళ్లు నవ్వుతరు."

"నవ్వనియ్. నువ్వు కొట్టు."

ట్యాంకు ఎర్రగా మెరిసింది. ఆరిన తర్వాత, బండికి బిగించడానికి ఇంటికే రమ్మన్నాడు రామేశ్వర్. వెళ్లేముందు పోలీసాయన ఇచ్చిన నెంబరు ఫోన్‌లో ఉందో లేదో చూసుకున్నాడు బాలరాజ్.

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్‌లో, ఇంటి వెనక గోదాములో, బండి మీద గోనెపట్టా కప్పి ఉంది. పట్టా తీస్తే నెంబరు ప్లేటు లేదు.

"ప్లేటేది సేటూ?"

"ఇది రోడ్డెక్కేది కాదు. లొల్లి చెయ్యకు. జల్ది బిగియ్."

బాలరాజ్ బిగించాడు. రామేశ్వర్ బండిని నెట్టుకుంటూ ముందరి వాకిట్లోకి నడిచాడు. వెనకే వెళ్తున్న బాలరాజ్ జేబులోంచి ఫోన్ తీశాడు.

వాకిట్లో కుర్చీలో ఉన్న రామేశ్వర్ తండ్రి చక్రాల చప్పుడుకు లేచి, గాలిలోకి చేతులు చాపి, ఎర్రటి ట్యాంకును అంచు నుంచి తడుముకుంటూ పోయి, సొట్టలో బొటనవేలు కుదరగానే నవ్వాడు: "దొంగలెత్కపోయి ఇన్నొద్దులైనా, మన బండి ఆకుపచ్చ రంగు అట్లనే ఉన్నది గద బిడ్డా?"