నాలుగు శనివారాలు

"ఇంకొక్క సీసా కనబడ్డా సరే, వచ్చే వారం నుంచి నీ నడక బంద్," అన్నాడు దస్తగీర్, చేతికర్రతో నేలను తట్టి.

షారోన్ తల ఎత్తలేకపోయింది. ఆమె కాళ్ళ దగ్గరే మూడు నీళ్ళ సీసాలు, ఒక చిప్స్ పాకెట్టు, సగం తిని పారేసిన ఐస్‌క్రీమ్ కప్పు పడి ఉన్నాయి. అన్నీ పొద్దున ఆమె వెంట వచ్చిన టూరిస్టులు వదిలిపోయినవే.

ఉప్పుగూడలో ఉండే షారోన్ ప్రతి శనివారం పొద్దున ముప్ఫై మందిని వెంటబెట్టుకుని హుస్సేనీ ఆలంలోని ఈ గల్లీకి వస్తుంది. పాత హవేలీల దర్వాజాలు, మిఠాయిల మీద వేసే వెండి రేకు కొట్టే దుకాణం, జరీ పని చేసే ఇళ్ళు చూపిస్తూ, వాటి కథలు చెబుతూ నడిపిస్తుంది. రెండేళ్ళుగా అదే ఆమె బతుకుదెరువు. గల్లీ పెద్ద దస్తగీర్ కాదన్నాడంటే ఇక ఏ ఇంటి తలుపూ ఆమెకు తెరుచుకోదు.

"ఒక్క నెల టైమియ్యి చాచా. నేను నేర్పిస్త."

"ఏం నేర్పిస్తవ్? మొన్న ఒకాయన మా పరదా జరిపి ఫోటో తీసిండు. మేమేమన్న జూపార్కుల జంతువులమా?"

"పోనీ, ఒక్క నెల ఇయ్యరాదా? పాపం పిల్ల," అంది లోపలి నుంచి ఆయన భార్య కుబ్రా.

నడక ఆగిపోతే కుబ్రా మళ్ళీ ఏమైపోతుందో అనుకుంది షారోన్. తన అక్క చనిపోయిన దగ్గర్నుంచి కుబ్రా జరీ సూది ముట్టడం మానేసింది, మాట్లాడటమూ మానేసింది. నాలుగు నెలల కిందట నడకకు వచ్చిన ఒక వరంగల్ పంతులమ్మ ఆ గడప మీద కూర్చుని, "ఈ పువ్వు ఎట్లా కుడతారమ్మా?" అని అడిగింది. కుబ్రా గంటసేపు చెప్పింది. అప్పటినుంచి శనివారం వస్తే చాలు, పొద్దున్నే తానం చేసి, ఉతికిన దుపట్టా కప్పుకుని, జరీ కుట్టే చట్రం ముందేసుకుని ఎదురుచూస్తుంది.

దస్తగీర్ గొంతు సవరించుకున్నాడు. "సరే. నాలుగు శనివారాలు. సాయంత్రం నమాజ్ అయినంక రా. ఇద్దరం కలిసి గల్లీ అంత చూద్దాం. మాటంటే మాటే."

ఆ వారం షారోన్ ముప్ఫై మందిని పన్నెండుకు తగ్గించింది. ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోవాలంది. నింపుకోవడానికి గల్లీ మొదట్లో ఒక మట్టికుండ పెట్టించింది.

"ఇది మ్యూజియం కాదండీ, మనుషులు కాపురముండే చోటు," అని నడక మొదలుపెట్టే ముందు చెప్పింది. "ముందు సలాం చెప్పండి, ఆ తర్వాతే ఫోటో అడగండి. వద్దంటే నవ్వి ముందుకు నడవండి. కొనాలనిపిస్తే చేసినవాళ్ళ దగ్గరే కొనండి. మీరు తెచ్చిందేదైనా మళ్ళీ మీతోనే వెళ్ళాలి."

"టూర్‌కొచ్చామా, బడికొచ్చామా మేడం?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. షారోన్ కూడా నవ్వింది. అయినా ముందు నడుస్తూ కథలు చెప్పే మనిషికి వెనక ఎవరు ఏం పారేస్తున్నారో ఎట్లా తెలుస్తుంది?

నడక గల్లీ అవతలి కొసన ముగిసింది. వాళ్ళను మెయిన్ రోడ్డు మీద బస్సెక్కించి, సాయంత్రం దాకా అరచేతిలో ప్రాణం పెట్టుకుని తిరిగి, చెప్పిన వేళకు వచ్చింది.

దస్తగీర్ కర్రతో అరుగుల కింద గెలికాడు. స్కూటర్ల వెనక వంగి చూశాడు. మురుగు మోరీ పక్కన తొంగి చూశాడు. ఏమీ లేదు. ఒక్క కాగితం ముక్క కూడా లేదు.

"ఇది మొదటి వారమే. గప్పుడే ఖుషీ గాకు," అన్నాడు మొహం ముడుచుకుని.

రెండో శనివారం సగం దూరం నడిచి, నడుం పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమైంది చాచా?"

"ముప్ఫై ఏండ్లు బస్సు నడిపిన నడుం. నా ఫికర్ నీకెందుకు? నువ్వు ఆ మూలకు చూడు."

మూలలోనూ ఏమీ లేదు. మూడో శనివారం వాన పడింది, అయినా గల్లీ కడిగిన పళ్ళెంలా ఉంది. నాలుగో శనివారం చివరి ఇంటి దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి షారోన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చూసినవా చాచా? చెప్తే మనుషులు మారుతరు."

దస్తగీర్ ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "ఆఁ, మారుతరు," అన్నాడు మెల్లగా. తర్వాత కర్రెత్తి, గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళందరికీ వినపడేట్టు అన్నాడు. "ఇగ ఈ పిల్ల నడకకు ఎవ్వలు అడ్డం రావద్దు!"

మరుసటి శనివారం షారోన్ తన బృందాన్ని బస్సెక్కించిందే గానీ, సాయంత్రం దాకా ఆగలేకపోయింది. దారిలో జామపండ్లు కొని, సరాసరి దస్తగీర్ ఇంటికి నడిచింది. కుబ్రా గడప లోపల చట్రం ముందు కూర్చుని ఉంది.

"చాచా ఏడి, చాచీ? ఇయి ఆయనకే తెచ్చిన."

"కూసో బిడ్డా, గల్లీలకే పోయిండు. మొదట్ల అయితే పగటి అన్నానికి గూడ వచ్చెటోడు కాదు. ఇప్పుడు జల్దీనే వస్తుండు, పని మస్తు తగ్గింది."

"రిటైరైనంక చాచాకు ఏం పని?"

కుబ్రా సూదిలోకి జరీ దారం ఎక్కిస్తూ నవ్వింది.

"మీరు పోంగనే సంచి పట్టుకొని సీసాలు ఏరుతడు గద, బిడ్డా."