సొట్ట లేని చెంబు

చందన బొమ్మకు వంక పెట్టినవాళ్లు ప్రొద్దుటూరులో అప్పటిదాకా లేరు.

పెట్టిన ఆ ఒక్కడికీ గీత గీయడం కూడా రాదు. ఆమెకు ఒళ్లు మండింది అందుకే.

ఫర్హానా మేడం ఆదివారాలు తమ మిద్దె మీది గదిలో డ్రాయింగ్ నేర్పుతుంది. ఆ నెల బల్ల మీద ఒక ఎర్రగుడ్డ పరిచి, పండిన రెండు చీనీకాయలు, నల్లబడిపోయిన ఇత్తడి కొమ్ముచెంబు పెట్టింది. చెంబు జమ్మలమడుగులో పాత సామాన్ల అంగట్లో దొరికిందట. ఎవరో ఆసుపత్రి ఖర్చుకు అమ్ముకున్నారట.

"ఎదురుగా ఏముంటే అది వెయ్యండి," అంది మేడం. "బాగా వచ్చిన బొమ్మను కడప ఎగ్జిబిషన్‌కు పంపిస్తా."

ఆ బొమ్మ తనదేనని చందనకు తెలుసు. మిగతా పదకొండు మందికీ తెలుసు.

ప్రైజు తెస్తే బొమ్మల కాలేజీలో చేరుస్తానని, తేకపోతే నోరెత్తకుండా బీకాం చదవాలని నాన్న తేల్చి చెప్పాడు. బట్టల వ్యాపారం చేసే మనిషి, ఒకసారి చెబితే మళ్లీ బేరం లేదు. చందన కూడా బేరమాడలేదు. ఆమెకు తన చెయ్యి మీద అంత నమ్మకం.

రెండో ఆదివారం ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చాడు. తెల్లగడ్డం, చేతిలో గుడ్డ సంచి.

"నా పేరు అబ్దుల్ వాహిద్ తల్లీ. జమ్మలమడుగు నుంచి వస్తాండా. ఈడ బొమ్మలు నేర్పుతారని అంగడాయన చెప్పినాడు."

"నేర్చుకుంటారా చాచా?" అంది మేడం.

"ఈ వయసులో నాకేం వస్తాది. ఒక పక్కన కూర్చొని చూసుకుంటా."

చందన వెనకున్న బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రోజంతా కదల్లేదు. తర్వాతి ఆదివారమూ వచ్చాడు.

వెనక నుంచి ఎవరైనా చూస్తుంటే చందన పెన్సిలు ఇంకా హుషారుగా నడుస్తుంది. చూడనీ, పాపం, ఇంట్లో పొద్దుపోవడం లేదేమో అనుకుంది.

బొమ్మ పూర్తవుతుండగా ఆయన లేచి వచ్చాడు.

"అమ్మా, చెంబుకు ఈ పక్కన సొట్ట ఉండాది గదా. వెయ్యలేదేంది?"

"సొట్ట వేస్తే అందం పోతాది తాతా. నేనే సరిచేసినా."

"వంచి నీళ్లు పోసేటప్పుడు బొటనవేలు ఆడికే పోతాది. అది లేకపోతే చెయ్యి జారదా?"

"బొమ్మలో చెంబుతో నీళ్లెవరు పోస్తారు తాతా?"

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వి, అక్కడే నిలబడ్డాడు.

"ఎగ్జిబిషన్ అయిపోయినాక ఈ బొమ్మ నాకిస్తావా? దుడ్లు ఇస్తా."

చందనకు మనసు పొంగింది. తన బొమ్మ కావాలని ఒకరు అడగడం అదే మొదలు.

"దుడ్లేం వద్దు. ఊరికే ఇస్తా."

"అట్లయితే ఆ సొట్ట కూడా వెయ్ తల్లీ. చిన్నదే గదా."

"నాకు ప్రైజు రావాల తాతా. సొట్టచెంబుకు ప్రైజు ఎవరిస్తారు?"

ఆయన పోయి బెంచీ మీద కూర్చున్నాడు.

ప్రైజు వచ్చింది. అదీ మొదటి ప్రైజు. నాన్న మాట తప్పలేదు, కాలేజీ ఫారం తనే తెచ్చిచ్చాడు. చందనా మాట తప్పే మనిషి కాదు. మరుసటి ఆదివారం బొమ్మను చుట్టి, రిబ్బను కట్టి తెచ్చింది.

ముసలాయన అరచేతులు చొక్కాకు తుడుచుకుని రిబ్బను విప్పాడు. బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు. సొట్ట ఉండాల్సిన చోట వేలితో తడిమాడు.

"శానా బాగా వేసినావమ్మా. నీ చెయ్యి మంచి చెయ్యి."

మళ్లీ చుట్టి, రిబ్బను కట్టి ఆమె చేతికే ఇచ్చాడు.

"ఇది నాకు వద్దులే తల్లీ. ఎవరింట్లో పెట్టుకున్నా బాగుంటాది."

బల్ల వైపు చూశాడు. ఆ నెల బల్ల మీద గాజుసీసాలు, అరటిగెల ఉన్నాయి. సంచి తీసుకుని మెట్లు దిగిపోయాడు. తర్వాతి ఆదివారాలు రాలేదు.

"మొదటి ప్రైజు బొమ్మను వద్దన్నాడు మేడం. ఏం చూసుకుని ఆయనకంత ఇది?" అంది చందన.

"అడుగుదామంటే ఆయన ఫోన్ నెంబరన్నా లేదే మన దగ్గర. జమ్మలమడుగులో యాడ ఉంటాడో కూడా అడగలేదు మనం."

కాలేజీకి పోయే ముందు మేడం దగ్గర చెప్పి రావడానికి వెళ్లింది. "గుర్తుగా ఏదన్నా తీసుకుపో," అంది మేడం. తడుముకోకుండా కొమ్ముచెంబు ఎంచుకుంది చందన. ప్రైజు తెచ్చిపెట్టిన చెంబు కదా.

ఇంటికి తెచ్చి పెరట్లో చింతపండు పులుసుతో తోమింది. నలుపు వదిలి ఇత్తడి పచ్చగా బయటపడింది. కడుగుదామని నీళ్లు నింపి వంచింది. ఎవరూ చెప్పకుండానే బొటనవేలు జరిగి సొట్టలో కూర్చుంది, సరిగ్గా అక్కడికే.

చెంబును చూస్తూ మూడు ఆదివారాలు కూర్చుంది తను. ఈ సంగతి ఆయనకెట్లా తెలుసని ఒక్కసారీ అడగలేదు. అడగకపోగా నలుగురిలో ఆయన్ను నవ్వులపాలు చేసింది.

చెంబును వెలుతురుకు తిప్పి, సొట్ట కింద మిగిలిన నలుపును మరోసారి రుద్దింది.

చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి: మున్వర్ - అబ్దుల్ వాహిద్, పెళ్లి, 14-5-1978.