చిట్టి గులాబీలకు కత్తెర

కూరలు కొనుక్కుని వచ్చిన ఇల్లాలు గేటు దగ్గరే ఆగిపోయింది.

ఎవరో పెద్దాయన ఆమె చిట్టి గులాబీల ముందు గొంతుక్కూర్చుని, కత్తెరతో కొమ్మలు కోసిపారేస్తున్నాడు.

మోకాలెత్తు మొక్కలు జానెడు మోళ్లయ్యాయి. విచ్చిన పూలూ, విచ్చబోయే మొగ్గలూ అన్నీ నేలపాలు.

ఆమెను పెళ్లాడి, కట్టుబట్టలతో ఇల్లు వదిలి వస్తూ భర్త తెచ్చుకున్నవి ఆ గులాబీ కొమ్మలే. ఆమె వాటిని కంటికి రెప్పలా చూసుకుంటోంది. రెండు నెలల క్యాంపుకెళ్లిన మనిషి తిరిగొచ్చి అడిగితే ఏం చెప్పాలి?

“ఎవరయ్యా నువ్వు? నిన్నెవరు రమ్మన్నారు?”

పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. “గేటు తీసి ఉంటేనూ... మీ ఆయన ఉంటాడేమోనని...”

“ఆయన లేకపోతే ఇష్టమొచ్చినట్టు నరికేస్తావా?”

“అది కాదమ్మా. బొత్తిగా గుబురెక్కిపోయాయి. చూస్తూ ఊరుకోలేక చెయ్యి వేశాను.”

“ఆ చెయ్యి విరగ్గొట్టాలి!”

ఆయన కోసిన కొమ్మలు ఓ పక్కకు చేర్చాడు. కత్తెర తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

“కాసిని మంచినీళ్లిస్తావా, అమ్మా?”

“మొక్కల్ని చంపినందుకు మర్యాదలు కూడానా? నడు ముందు!”

ఎదురింటివాళ్లు తొంగిచూశారు. చూసేవాళ్లుంటే ఆమె గొంతు ఇంకాస్త లేస్తుంది. ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు.

నెల తిరిగేసరికి మోళ్లన్నీ చిగిర్చాయి. ఆ తర్వాత పూశాయి చూడండి, ఆకు కనబడకుండా పూశాయి!

చూసిన కొద్దీ ఆమెకు సంతోషం పోయి సిగ్గు ముంచుకొచ్చింది. గేటు చప్పుడైతే చాలు, ఆ పెద్దాయనేమోనని పరుగెత్తేది. ఆయన మళ్లీ రాలేదు.

క్యాంపు నుంచి వచ్చిన భర్త పెట్టె చేతిలో ఉండగానే మొక్కల ముందు కూలబడ్డాడు.

“ఎవరు కత్తిరించారు వీటిని?”

“తోటమాలిని పిలిపించాను,” అనేసింది. అంత సులువుగా అబద్ధం వస్తుందని ఆమే అనుకోలేదు.

“అచ్చం మా అన్నయ్య చెయ్యే! చిన్నజాతి కదా అని అందరూ పైపైన కోసి వదిలేస్తారు. అన్నయ్య అలా కాదు. రెమ్మరెమ్మా విడిగా పట్టుకుని, బయటివైపు తిరిగిన చిగురు కన్ను వెతికి, దాని పైన ఏటవాలుగా కోసేవాడు. ‘నాటడం నీ వంతు, కొయ్యడం నా వంతురా’ అనేవాడు.”

ఈ పెళ్లి వద్దని పంతం పట్టి, మాట్లాడడమే మానేసిన అన్నయ్య. ఆయన ఒక్కసారి తన గడప తొక్కితే చాలని ఇన్నేళ్లుగా కలవరిస్తున్నాడు భర్త. ఆమె ఆ బావగారి ముఖమైనా ఎరగదు.



“మీ అన్నయ్య... ఎలా ఉంటారు?”

“బాగా పొడుగు. కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటుంది.”

కత్తెర పట్టిన ఆ సగం వేలు ఆమె కళ్లారా చూసింది. చూసి మరీ, ఆ చెయ్యి విరగ్గొట్టాలంది.

చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. ధైర్యం చాల్లేదు. రేపు చెప్పేసి, భర్తను వెంటబెట్టుకుని వెళ్లి బావగారి కాళ్లమీద పడదామనుకుంది.

తెల్లారి ఫోన్ మోగింది. భర్త స్నానానికి వెళ్లాడు. ఆమే తీసింది.

“పిన్నీ, నేను మీ బావగారి అమ్మాయిని,” అంది అవతలి గొంతు. “నాన్న పోయారు పిన్నీ.”

ఆమె స్నానాలగది తలుపు వైపు చూసింది.

“లాభం లేదని డాక్టర్లు చెప్పేశాక, తమ్ముణ్ణి చూడాల్సిందేనని మొండికేసి మీ ఇంటికొచ్చారుగా. బాబాయి కనబడలేదన్న బెంగ ఒక్కటే...”

ఆ పిల్ల వెక్కుతూనే చెప్పింది.

“కానీ మా మరదలు బంగారమనీ, కొసరి కొసరి వడ్డించి కానీ కదలనివ్వలేదనీ, పోయేదాకా అందరికీ చెప్పుకుని మురిసిపోయారు పిన్నీ!”