మాడిన జీలకర్ర

కోడలికి అన్నిటికంటే ఎక్కువ భయం అత్తగారి ముక్కంటే. పక్కింట్లో పాలు పొంగినా ఇంట్లో కూర్చుని చెప్పేసే ముక్కది.

కొన్న పొట్లంలో ఉప్పెక్కువని, ఆ రోజు లాటిన్ అమెరికా వంటల మసాలా ఇంట్లోనే చేయబోయింది. జీలకర్ర వేయిస్తుంటే చంటిది ఏడ్చింది. ఎత్తుకొచ్చేసరికి జీలకర్ర బొగ్గయింది. కింది వాటాలోంచి అత్తగారు రానే వచ్చింది. కంగారులో కోడలు ఆ జీలకర్రనే దంచి, ఎండు ఒరెగానో ఆకు, వెల్లుల్లి పొడి, మిరపపొడి కలిపేసింది.

"చూడండత్తయ్యా."

అత్తగారు గిన్నెలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది.

"ఆహా! ఎంత దోరగా వేయించావే! ఇన్నాళ్ళకి నీ చేయి తిరిగింది."

కోడలు గిన్నె వంక చూసింది. అత్తగారి ముక్కు వంక చూసింది.

"అది మాడిపోయిందత్తయ్యా."

అత్తగారు కుర్చీలో కూలబడింది.

"మొన్న జలుబు చేసినప్పట్నుంచీ ఏ వాసనా తెలీట్లేదే. నీ మొగుడితో అనకు. తెలిస్తే నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడు."

"కింద ఒక్కరే వండుకుంటున్నారు. గ్యాసు లీకైతే?"

"పైన నువ్వున్నావుగా. నీ ముక్కుకేం?"

అప్పట్నుంచి కోడలు పూటపూటా ఉప్పు బదులుకని కిందికి దిగుతోంది. ఇంట్లో ఉప్పు పెట్టడానికి చోటు లేదు.

ఇవాళ కోడలికే జలుబు చేసింది. మీరు ఆ దారిన వెళ్తుంటే, కింది వాటాలోకి ఒకసారి తొంగిచూసి రండి. ఏమైనా అడిగితే ఉప్పు కోసమని చెప్పండి.