ఇంకేం కనిపిస్తోందమ్మా?

మీట నొక్కగానే బెల్లు మోగాలి. మేడమీద ఫోనులో వచ్చినవాళ్ల ఫొటో పడాలి.

మోగడం మోగింది. ఫొటో మాత్రం పడలేదు.

కోడలు మేడమీద గదిలో బట్టలు కుడుతుంది. మిషను చప్పుడుకి కింద ఎవరు తలుపు కొట్టినా వినపడదు. మోకాళ్ల నొప్పులతోనే అత్తగారు మెట్లు దిగి, తలుపు తీసి, మళ్లీ ఎక్కేది. మొన్నామధ్య జారిపడి మంచమెక్కింది.

అందుకే కోడలు అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ బోర్డు, దాని నెత్తిన బటాణీగింజంత కెమెరా ఉన్నది కొనుక్కొచ్చి, వీడియోలు చూసి తనే గుమ్మం పక్కన బిగించింది.

“నీ బెల్లు బాగయ్యేలోపు నా కాలు బాగయ్యేట్టుంది,” అంది అత్తగారు.

కోడలు బోర్డు అమ్మిన షాపుకి ఫోన్ చేసింది. సలహాలు చెప్పే పెద్దాయన ఎత్తాడు.

“ఫొటో తీసి పంపనాండీ?”

“వద్దమ్మా, మాటల్లో చెప్పు. నొక్కితే ఏమవుతోంది?”

“చిన్న లైటు వెలిగి ఆరిపోతోంది. మళ్లీ మొదటికొస్తోంది.”

“ఏ చార్జరు పెట్టావు?”

“పాత ఫోనుది.”

“దాని ఆకలికి అది చాలదు. గట్టిది పెట్టు.”

పెట్టింది. ఫొటో పడింది, సగమే.

“కింద సగం ఆకుపచ్చ చారలండీ. నాచు పట్టినట్టుంది.”

“కెమెరాకి సన్నటి పట్టీలాంటి వైరు ఉంటుంది. ఊడదీసి, వంకర లేకుండా దోపి, పైన నల్ల మూత నొక్కు.”

ఈసారి మొత్తం వచ్చింది కానీ, అంతా మసక.

“పొగమంచులోంచి చూసినట్టుంది.”

“లెన్సుమీద గోరుతో మెల్లగా తడుము. అంచేమైనా తగులుతోందా?”

తగిలింది. కనీకనిపించని ప్లాస్టిక్ పొర. లాగేసి, మళ్లీ మీట నొక్కింది.

“వచ్చిందండీ. నా మొహమే, చెదిరిన జుట్టుతో సహా.”

ఆయన నవ్వాడు. “వెనకాల ఇంకేం కనిపిస్తోందమ్మా?”

“గేటు.”

“ఏ రంగు?”

“నీలం. పెచ్చులూడింది.”

“దాని అవతల?”

“రోడ్డు. ఎదురింటి గోడమీద పిల్లి.”

“పడుకుందా, కూర్చుందా?”

“కూర్చుని కాలు నాక్కుంటోంది,” అంది కోడలు, తనకీ నవ్వొచ్చి.

ఆ తర్వాత చిన్న చిన్న తంటాలకి ఫోన్ చేసినప్పుడల్లా అదే వరస. పనయ్యాక ఏదో ఒకటి అడిగేవాడు. గుమ్మంలో ఎండ ఎందాకా వచ్చింది, వచ్చినావిడ చేతిలో సంచి ఏ రంగు, ఆవిడ మొహంలో చికాకుందా.

ఒకరోజు కోడలికి విసుగొచ్చింది. ముక్కూమొహం తెలియని మనిషికి ఇంటి సంగతులన్నీ ఎందుకు?

“బెల్లు బాగైంది కదండీ. మా గుమ్మంలో ఎవరుంటే మీకేం పని?”



“పనేం లేదమ్మా. బాగా చెప్తావని అడిగాను. ఏమనుకోకు.”

ఫోను పెట్టేశాడు.

“పాపం, పెద్దాయన్ని అంత మాట అనాలా?” అంది అత్తగారు. “తోచక అడిగుంటాడు.”

ఆ మాట కోడలికి గుచ్చుకుంది. నాలుగుసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియక పక్కన పెట్టేసింది.

పక్కింటావిడ తనకీ అలాంటి బెల్లే కావాలంది. ఆ వంకన కోడలు షాపుకి బయల్దేరింది. బెల్లు తీసిన ఫొటోల్లో మంచిది ఒకటి ఏరి ఫోనులో పెట్టుకుంది. అత్తగారు కర్ర ఊతంతో మొదటిసారి గుమ్మందాకా వెళ్లి, మీట నొక్కి, కెమెరాని వెక్కిరిస్తున్న ఫొటో.

షాపులో ఫోను పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

“పెద్దాయన లేరా?”

షాపతను లేచి నిలబడ్డాడు. “కిందటివారం కాలం చేశారమ్మా. నిద్రలోనే.”

ఆమె ఫోను తెరిచి ఆ ఫొటో అతని ముందు పెట్టింది.

“ఆయన్ని ఒక మాట అన్నాను. ఈ ఫొటో చూపించి, ఏమనుకోవద్దని చెబుదామని వచ్చాను.”

అతను ఫొటో వంక చూసి మెత్తగా నవ్వాడు. “నీలం గేటు వాళ్లా మీరు? టీ తాగేటప్పుడల్లా మీ గుమ్మం కబుర్లే మాకు చెప్పేవారు. మీమీద కోపమేం లేదు ఆయనకి.”

“ఆయన ఈ ఫొటో ఒక్కసారి చూసుంటే బావుండేది.”

“చూపించినా మళ్లీ మీరే చెప్పాల్సొచ్చేదమ్మా,” అన్నాడతను, “ఆయనకి చూపు పోయి చాలా ఏళ్లయింది.”